తెర మీది అంకె కొలబద్ద కాదు

యుద్ధవిమాన సిమ్యులేటర్లు ఆడేవాళ్లలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. కాక్‌పిట్‌లో మీటరు ముల్లు చూపేది, తెర అంచున ప్రోగ్రామ్ చూపే అంకెతో కలవకపోతే ఆ సిమ్‌లో తప్పున్నట్టే అన్నది ఆ అభిప్రాయం. 2001లో వచ్చిన ఐఎల్-2 స్టర్మోవిక్ తరం నుంచి నేటి డీసీఎస్ వరల్డ్ తరం దాకా ఈ ఫిర్యాదు ఆగలేదు. ఒక పక్క స్పీడు మీటరు, ఇంకో పక్క అంకె పెట్టి వీడియో తీస్తారు. రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువుంటే సిమ్ తయారుచేసినవాళ్లది అంత పెద్ద నేరమని తీర్పు చెప్పేస్తారు.

ఈ వాదన వెనక ఉన్న కారణాలను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నిజ విమానంలో ఎన్ని అనిశ్చితులున్నా, కంప్యూటరుకు మాత్రం విమానం వేగం, ఎత్తు దశాంశాలతో సహా తెలుసు. తెలిసిన విలువనే ముల్లుకు అందిస్తున్నప్పుడు తేడా ఎందుకు రావాలి? పైగా సహాయాలన్నీ ఆపేసుకుని ఆడేవాడికి మీటరే దిక్కు. అది తప్పు చూపిస్తే అతని విమానం నేలకూలుతుంది. ఇక ఆన్‌లైన్ పోరులో ఒకరు అంకె చూసి, ఇంకొకరు ముల్లు చూసి ఎగిరితే పోటీ సమానం కాదన్నది మూడో కారణం. ఈ మూడూ వినదగ్గవే. అయితే మూడూ కలిసినా ఆ తీర్పును నిలబెట్టలేవు. పరీక్ష పేరుతో ఇక్కడ జరుగుతున్న పనికి పరీక్షకు ఉండాల్సిన లక్షణాలే లేవు.

1. పోలుస్తున్న అంకె ఏమిటో ముందు తేలాలి

స్పీడు మీటరు నేరుగా వేగాన్ని కొలవదు. రెక్క మీదో ముక్కు మీదో ముందుకు పొడుచుకొచ్చిన పిటో గొట్టంలోకి ఎదురుగాలి దూసుకొస్తుంది. ఆ ఒత్తిడికీ, విమానం చుట్టూ ఉన్న మామూలు గాలి ఒత్తిడికీ మధ్య తేడాయే ముల్లును తిప్పుతుంది. డయల్ మీది గీతలు సముద్రమట్టపు గాలి సాంద్రతను, అంటే ఘనపు మీటరుకు 1.225 కిలోలను, లెక్కలో పెట్టుకుని గీసినవి. ప్రామాణిక వాతావరణంలో 6,000 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి సాంద్రత 0.66కు పడిపోతుంది. అక్కడ ముల్లు గంటకు 400 కిలోమీటర్లు చూపిస్తుంటే, గాలిలో విమానం అసలు వేగం సుమారు 537. ఈ 137 కిలోమీటర్ల తేడాలో ఏ తప్పూ లేదు. మీటరు తన పని తాను చేస్తోంది.

ఇది తెలియనివాడు ఆ తేడాను బగ్ అంటాడు. తెలిసినవాడు ముందు అడగాల్సిన ప్రశ్న, తెర మీది అంకె మీటరు వేగమా, అసలు వేగమా, నేల మీద వేగమా అన్నది. గాలి వీస్తుంటే ఈ మూడూ మూడు రకాలుగా ఉంటాయి. డీసీఎస్‌లో బయటి ప్రోగ్రాములకు సమాచారం పంపే ఏర్పాటులో మీటరు వేగానికి ఒక ఫంక్షన్, అసలు వేగానికి ఇంకొకటి విడివిడిగా ఉన్నాయి. సముద్రమట్టం నుంచి ఎత్తు, నేల నుంచి ఎత్తు కూడా వేర్వేరుగానే వస్తాయి. తయారుచేసినవాళ్లు ఇంత శ్రమపడి విడదీసి ఇచ్చినవాటిని పరీక్షకుడు ఒకే గాటన కట్టేస్తే, ఆ పోలికకు విలువ లేదు.

మిగ్-15 కాక్‌పిట్ ఈ వాదనకు నేరుగా జవాబు చెబుతుంది. అందులో ఉండే సోవియట్ కేయూఎస్-1200 స్పీడు మీటరుకు ఒకే డయల్ మీద రెండు ముళ్లుంటాయి. వెడల్పాటిది మీటరు వేగాన్ని, సన్నటిది అసలు వేగాన్ని చూపుతుంది. నేల దగ్గర రెండూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఎత్తుకు పోయేకొద్దీ విడిపోతాయి. 10,000 మీటర్ల దగ్గర వెడల్పాటి ముల్లు 450 మీద ఉంటే సన్నటిది 740 దరిదాపుల్లో ఉంటుంది. ఈ రెండు విలువలు వేరన్న సంగతిని సోవియట్ ఇంజనీర్లు డయల్ మీదే పెట్టి పైలట్ కళ్లముందుంచారు. ఆ విమానాన్నే సిమ్‌లో నడుపుతూ రెండూ ఒకటి కావాలని పట్టుబట్టడంలో అర్థం లేదు.

పైలట్‌కు పనికొచ్చే వేగం కూడా ముల్లు చూపేదే. రెక్క లేపుడు శక్తి ఆధారపడేది దాని మీద పడే గాలి ఒత్తిడి మీద. అందుకే ఒక బరువున్న విమానం నేల దగ్గరైనా, ఐదువేల మీటర్ల మీదైనా దాదాపు ఒకే మీటరు వేగం దగ్గర స్టాల్ అవుతుంది. ముల్లును అసలు వేగానికి కట్టేస్తే ఎత్తు మారినప్పుడల్లా స్టాల్ అంకె మారిపోతుంది. మీటరే దిక్కైన ఆటగాడికి మేలు చేద్దామని మొదలుపెట్టి, చివరికి అతని చేతిలోంచి ఉన్న ఒక్క భరోసా లాగేసుకున్నట్టవుతుంది.

2. ఎత్తు కూడా ఊహే

ఆల్టిమీటరు విషయంలో ఇదే పొరపాటు ఇంకా మొండిగా సాగుతుంది. కంప్యూటరుకు నేల తెలుసు, సముద్రమట్టం తెలుసు. ఆల్టిమీటరుకు ఈ రెండూ తెలియవు. దానికి తెలిసింది ఒత్తిడి ఒక్కటే. నేల దగ్గర ఒక హెక్టోపాస్కల్ తేడా వస్తే ముల్లు దాదాపు 8 మీటర్లు జరుగుతుంది. ఆల్టిమీటరు మీద ఒత్తిడిని అమర్చుకునే చిన్న కిటికీని ప్రామాణిక ఒత్తిడి 1013.25 హెక్టోపాస్కల్‌ల దగ్గర అలాగే వదిలేసి, ఒత్తిడి 993 ఉన్న రోజున ఎగిరినవాడికి ముల్లు 160 మీటర్లకు పైగా ఎక్కువ చూపిస్తుంది. ఆ తేడాకు కారణం తిప్పాల్సిన బొత్తాన్ని తిప్పకపోవడం.

రష్యన్ సంప్రదాయంలో ఆల్టిమీటరును బయల్దేరే విమానాశ్రయం ఒత్తిడికే అమర్చేవారు. అంటే రన్‌వే మీద ముల్లు సున్నా చూపాలి. విమానాశ్రయం సముద్రమట్టానికి 150 మీటర్ల ఎత్తున ఉంటే తెర మీది అంకె 150 అంటుంది. సున్నా చూపిన ముల్లే ఆ దేశపు పద్ధతి ప్రకారం సరైనది.

చలి సంగతి ఇంకా ముఖ్యం. 2014లో విడుదలైన ఐఎల్-2 బ్యాటిల్ ఆఫ్ స్టాలిన్‌గ్రాడ్ జరిగేది చలికాలంలో. నేల దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీలైతే అది ప్రామాణిక వాతావరణం కన్నా 35 డిగ్రీలు తక్కువ. చల్లగాలి చిక్కన కాబట్టి ఒత్తిడి ఎత్తుతో పాటు త్వరగా పడిపోతుంది. నిజ విమానంలో విమానాశ్రయం ఒత్తిడికి అమర్చిన ఆల్టిమీటరు 1,000 మీటర్లు చూపే చోట అసలు ఎత్తు 880 దరిదాపుల్లోనే ఉంటుంది. ఇలాంటి చలిలో ముల్లు, అంకె అచ్చంగా కలిశాయంటే సంతోషించాల్సిన పని లేదు. ఆ సిమ్‌లో చలి ప్రభావం లెక్కలోకి వచ్చిందా లేదా అని అప్పుడే అడగాలి. కలిసినప్పుడు కూడా ప్రశ్న పుట్టాలన్నది ఈ పరీక్షకులు ఎన్నడూ ఆలోచించని విషయం.

3. పరుగులో కొలిచి, నిలకడకు తీర్పు చెబుతారు

బహుళ ప్రచారం పొందే వీడియోల్లో చాలావాటిలో విమానం డైవ్‌లోనో, గట్టి మలుపులోనో ఉంటుంది. తేడాలు కొట్టొచ్చినట్టు కనబడేది అప్పుడే కాబట్టి ఆ క్షణాన్నే ఎంచుకుంటారు. కానీ యాంత్రిక పరికరాలు ఆలస్యంగా స్పందిస్తాయి. ఎక్కే దిగే వేగాన్ని చూపే మీటరులో సన్న రంధ్రం గుండా గాలి మెల్లగా కారడమే పనితీరు. కాబట్టి సరైన విలువ చూపడానికి దానికి ఆరు నుంచి తొమ్మిది సెకన్లు పట్టవచ్చు. డైవ్ ఆపి ముక్కు ఎత్తిన మరుక్షణం ముల్లు ఇంకా దిగుతున్నట్టే చూపితే, ఆ సిమ్ తయారుచేసినవారికి పరికరం లోపలి పని తెలుసన్నమాట.

దిక్సూచి ఇంకా మెలిక పెడుతుంది. భూమి అయస్కాంత క్షేత్రం ఉత్తరార్ధగోళంలో నేలలోకి వాలి ఉంటుంది. అందువల్ల ఉత్తరానికి ముఖం పెట్టిన విమానం కుడికి తిరగడం మొదలుపెడితే, దిక్సూచి మొదట ఎడమకు తిరిగినట్టు చూపి, ఆ తర్వాత నెమ్మదిగా దారికొస్తుంది. దక్షిణానికి ముఖం పెట్టి తిరిగితే అసలు మలుపు కన్నా ముందుకు ఉరుకుతుంది. తూర్పు, పడమర దిక్కుల్లో వేగం పెంచినా తగ్గించినా తప్పు చూపుతుంది. ఇంగ్లండ్ ఆకాశంలో ఇది బాగా కనిపిస్తుంది, భూమధ్యరేఖ దగ్గర దాదాపు కనిపించదు. స్పిట్‌ఫైర్‌లో పైలట్ కాళ్ల మధ్య ఉండే పీ8 దిక్సూచిని మలుపులో నమ్మలేకనే, పరికరాల ఫలకం మీద విడిగా జైరో దిక్సూచి పెట్టారు. ఆ జైరో మెల్లగా జరిగిపోతుంటే, నిలకడగా ఎగిరేటప్పుడు అయస్కాంత దిక్సూచి చూసి దాన్ని మళ్లీ సరిచేసుకునేవారు. రెండు పరికరాల లోపాలు ఒకదానికొకటి కాపలా కాసే ఏర్పాటు ఇది. ఒకదాన్ని నిర్దోషిగా చేస్తే రెండోది ఎందుకుందో ఆటగాడికి ఎప్పటికీ అర్థం కాదు.

4. నిజ విమానం తప్పులతోనే ఎగిరింది

వాదనకు గుండెకాయ ఇదే. అంకెతో కలవాలి అనేవారు, నిజ విమానంలో మీటర్లు సరిగ్గా ఉండేవని నమ్ముతున్నారు. ఆ నమ్మకానికి ఆధారం లేదు.

విమానంలో దిక్సూచి పక్కన ఒక చిన్న కార్డు ఉంటుంది. విమానాన్ని నేల మీద వేర్వేరు దిక్కులకు తిప్పి, ఇంజను, రేడియో, ఇనుము వల్ల దిక్సూచి ఎన్ని డిగ్రీలు పక్కకు పోతోందో కొలిచి అందులో రాస్తారు. తన దిక్సూచి ఎంత తప్పుతుందో ఆ విమానమే రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు. స్పీడు మీటరుకూ అలాంటి పట్టికే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పైలట్లకు ఇచ్చిన పైలట్స్ నోట్స్ పుస్తకాల్లో పొజిషన్ ఎర్రర్ సవరణలు, ఏ వేగం దగ్గర ఎంత కలపాలో, ఎంత తీసేయాలో అచ్చువేసి ఉండేవి. బాస్కంబ్ డౌన్ పరీక్షా కేంద్రంలో ఆ తేడాలను గాల్లో కొలిచేవారు. పిటో గొట్టం, ఒత్తిడి రంధ్రాలు ఉన్నచోట గాలి ప్రవాహం విమాన శరీరం వల్ల మారిపోతుంది. ముక్కు ఎత్తి నెమ్మదిగా ఎగిరేటప్పుడు ఈ తప్పు ముఖ్యంగా తెలుస్తుంది.

స్పిట్‌ఫైర్ మార్క్ 9 ఇంధనం మీటరు తీసుకుందాం. పక్కనున్న బొత్తాం నొక్కితేనే ముల్లు లేస్తుంది. లేచినా చూపేది కింది ట్యాంకులో ఉన్నది మాత్రమే. పై ట్యాంకులో 48 గ్యాలన్లు, కిందిదానిలో 37. పైది కిందిదానిలోకి దిగుతూ ఖాళీ అయ్యేవరకు ముల్లు 37 దగ్గర కదలదు. తెర మీది అంకె తగ్గిపోతుంటే ముల్లు కదలకపోవడం చూసి మీటరు ఇరుక్కుపోయిందని ఫిర్యాదు రాయడం సులభం. పాత అంబాసిడర్ కారులో పెట్రోలు ముల్లును నమ్మకుండా, ఎన్ని కిలోమీటర్లు తిరిగామో లెక్కపెట్టుకున్న తరానికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. స్పిట్‌ఫైర్ పైలట్ కూడా గడియారం చూసే ఇంధనం లెక్కించేవాడు.

ఆర్టిఫిషియల్ హొరైజన్‌కు కూడా హద్దులుండేవి. గాలితో తిరిగే నాటి జైరోలు 60 డిగ్రీల పైన ముక్కు ఎత్తినా, 110 డిగ్రీలు దాటి పక్కకు దొర్లినా గిర్రున తిరిగి పనికిరాకుండా పోయేవి. పోరాటానికి దిగే ముందు పైలట్ వాటికి తాళం వేసి, తర్వాత సమంగా ఎగురుతూ విప్పేవాడు. జర్మన్ యుద్ధవిమానం బీఎఫ్ 109-ఈలో అసలు ఆ పరికరమే లేదు. లూప్ కొట్టాక కూడా క్షితిజ రేఖ చెక్కుచెదరకుండా ఉన్న సిమ్‌లో ఆటగాడు ఎగురుతున్నది 1940లో కాదు.

ఇక 1942 నవంబరు. హెరాల్డ్ కామ్‌స్టాక్, రోజర్ డయర్ అనే ఇద్దరు అమెరికన్ పైలట్లు పీ-47 థండర్‌బోల్ట్‌లను నిట్టనిలువునా డైవ్ చేశారు. గంటకు 725 మైళ్ల వేగం అందుకున్నారని ప్రకటన వెలువడింది, పత్రికలకెక్కింది. 30,000 అడుగుల దగ్గర ధ్వని వేగమే సుమారు 680 మైళ్లు. ప్రొపెల్లర్‌తో, మందపాటి రెక్కలతో ఉన్న ఆ విమానం దాన్ని దాటడం అసాధ్యం. ధ్వని వేగానికి దగ్గరయ్యేసరికి విమానం చుట్టూ గాలి ఒత్తిళ్లు తారుమారై, మీటరు కొలత చెడిపోయింది. పైలట్లు అబద్ధమాడలేదు. ముల్లు చూపింది చూశారు, ప్రపంచం నమ్మింది. ఈ ఘటనను సిమ్‌లో పునఃసృష్టించాలంటే ఆ డైవ్‌లో ముల్లు అసలు వేగం కన్నా ముందుకు పోవాలి. తెర అంకెతో కలిసే ముల్లు ఆ ఇద్దరి అనుభవాన్ని చరిత్ర నుంచి చెరిపేస్తుంది.

5. చదవడంలో పొరపాటు, లెక్కలో పొరపాటు

కొన్ని ఫిర్యాదులు పరికరం దాకా కూడా వెళ్లవు. జర్మన్ విమానాల్లో ఇంజను ఒత్తిడి ఆటాలలో ఉంటుంది. ఒక ఆటా అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. సముద్రమట్టపు ప్రామాణిక ఒత్తిడి 1.033 ఆటా, 760 మిల్లీమీటర్ల పాదరసం. బీఎఫ్ 109-జీ ఇంజనుకు 1.42 ఆటా అంటే, వాతావరణ ఒత్తిడికి పైన ఉన్నదాన్ని మాత్రమే చదరపు అంగుళానికి పౌండ్లలో చెప్పే బ్రిటిష్ లెక్కలో సుమారు 5.5 పౌండ్ల బూస్ట్. ఆటాను వాతావరణ ఒత్తిడితో సమానమనుకుని లెక్కగడితే 6.2 వస్తుంది. తేడా 0.7 పౌండు ఎక్కడిది? మార్పిడి పట్టికది. నింద మాత్రం ముల్లు మీద పడుతుంది.

భారత వైమానిక దళం 1963 నుంచి 2025 సెప్టెంబరు దాకా నడిపిన మిగ్-21లో వేగం కిలోమీటర్లలో, ఎత్తు మీటర్లలో ఉండేవి. అదే దళంలోని బ్రిటిష్ హంటర్‌లో నాట్లు, అడుగులు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారిన పైలట్లు తల లోపల కొలతలు మార్చుకున్నారు. ఫాంటమ్ ఎఫ్-4లో ఎదురుగాలికి రెక్క ఏ కోణంలో ఉందో చూపే మీటరు డిగ్రీల్లో కాదు, యూనిట్లలో ఉంటుంది. దిగేటప్పుడు 19.2 యూనిట్లు సరైన విలువ. దాన్ని డిగ్రీలుగా చదివినవాడికి పరికరం పిచ్చిదే అనిపిస్తుంది.

మూడు ముళ్ల ఆల్టిమీటరును తప్పు చదవడం ప్రాణాలు తీసిన సమస్య. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అమెరికన్ పైలట్లు మీటర్లు చదవడంలో చేసిన 270 పొరపాట్లను విశ్లేషించారు. 1958 డిసెంబరు 24న ఇంగ్లండ్‌లో వింక్‌టన్ దగ్గర బ్రిటానియా విమానం కూలినప్పుడు, సిబ్బంది ఆ డయల్‌ను 10,000 అడుగులు ఎక్కువ చదివారు. తొమ్మిదిమంది చనిపోయారు. ముల్లు తప్పు చూపలేదు. చదవడం కష్టమైన డయల్‌ను సిమ్‌లో చదవడం సులభం చేయమని అడగడం, ఆ కష్టం నుంచి పైలట్లు నేర్చుకున్నదాన్ని తీసేయమనడమే.

6. సమానత్వం వాదనకు విరుగుడు వేరే ఉంది

ఒకరికి అంకె, ఇంకొకరికి ముల్లు ఉంటే అన్యాయం అన్నమాట నిజం. దానికి మందు, సర్వర్‌లో అంకెను ఆపేయడం. చాలా సిమ్‌లలో ఆ ఏర్పాటు ఉంది. ఒక విమానం నడిపేవాళ్లందరికీ ఆ విమానపు మీటర్ల లోపాలు సమానంగానే వర్తిస్తాయి. స్పిట్‌ఫైర్, 109 పరికరాలు ఒకలా లేకపోవడం ఆ రెండు యంత్రాల మధ్య నిజంగా ఉన్న తేడాయే. దాన్ని తుడిచేస్తే పోటీలో రెండు విమానాలు మిగలవు, రెండు రంగులు మిగులుతాయి.

ఈ అభిప్రాయం గెలిస్తే కలిగే నష్టం ఆట దాటి వెళుతుంది. ముల్లు ఎప్పుడూ నిజమే చెబుతుందని అలవాటు పడిన కళ్లకు, పరికరాలను ఒకదానితో ఇంకోదాన్ని సరిపోల్చుకోవడం రాదు. 2008 ఫిబ్రవరి 23న గ్వామ్‌లో బీ-2 బాంబర్ కూలింది. గాలి ఒత్తిడి సెన్సర్లలోకి తేమ చేరి, కంప్యూటర్లకు తప్పు వేగం అందింది. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 పిటో గొట్టాల్లో మంచు పేరుకుంది. వేగం కొలతలు కొద్దిసేపు చెడిపోయాయి, సిబ్బంది తికమకపడ్డారు, 228 మంది చనిపోయారు. సిమ్ ఆడేవారిలో రేపు నిజంగా కాక్‌పిట్ ఎక్కేవారు కూడా ఉన్నారు. మీటరును అనుమానించడం వాళ్లకు ఇక్కడే మొదలవ్వాలి.

నిజమైన బగ్‌లు లేవని ఇందులో ఎక్కడా చెప్పడం లేదు. ఉన్నాయి, వాటిని పట్టుకోవాలి. చాలా స్పీడు డయల్‌ల మీద గీతలు సమాన దూరంలో ఉండవు, తక్కువ వేగాల దగ్గర ఇరుకుగా ఉంటాయి. ప్రోగ్రామర్ ముల్లును సమానంగా తిప్పితే రెండు చివర్లలో సరిపోయి మధ్యలో తప్పుతుంది. డయల్ బొమ్మ కాస్త పక్కకు అతికించి ఉంటే అన్ని విలువల దగ్గరా ఒకే మొత్తం తప్పుతుంది. ఈ తప్పులకు ఒక క్రమం ఉంటుంది. ఆ క్రమాన్ని బయటపెట్టడానికి గాలి లేని ప్రామాణిక వాతావరణం ఎంచుకోవాలి. వేగం, ఎత్తు నిలకడగా ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. తలను డయల్‌కు ఎదురుగా, నిటారుగా ఉంచాలి. ముల్లు డయల్ కన్నా కాస్త ముందుకు ఉంటుంది కాబట్టి పక్కనుంచి చూస్తే విలువ మారిపోతుంది. డయల్ పొడవునా పది పన్నెండు చోట్ల కొలవాలి. మీటరు వేగాన్ని మీటరు వేగంతోనే పోల్చాలి. ఆఖరికి ఆ విమానపు సవరణ పట్టిక తీసి, మిగిలిన తేడా అందులో ఉందో లేదో చూడాలి.

ఇంత పని చేసిన ఫిర్యాదు వస్తే తయారుచేసినవాళ్లు ఆగమేఘాల మీద సరిదిద్దాలి. ఒక వీడియో, ఒక ఎర్ర గీతతో వచ్చినదాన్ని వెనక్కి పంపాలి. వాళ్లు చేయాల్సిన పని ఇంకొకటి కూడా ఉంది. ప్రతి విమానం మాన్యువల్‌లో, ఆనాటి పైలట్స్ నోట్స్ చేసినట్టే, ఏ మీటరు ఎక్కడ ఎంత తప్పుతుందో, ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో పట్టిక అచ్చువేయాలి. ముల్లు చూపే తేడాలో ఏది కావాలని పెట్టిందో, ఏది పొరపాటున వచ్చిందో ఆటగాడికి అప్పుడు తెలుస్తుంది. ఆ పట్టిక ఇవ్వకుండా, గొడవ సద్దుమణగడానికి ముల్లును అంకెకు కట్టేసే తయారీదారు మాత్రం తన సిమ్ నిజ విమానానికి నకలు అని చెప్పుకోకూడదు.